బంగారం మీద మడమ ముద్ర

ముప్పై నాలుగేళ్లు కోనసీమ పల్లెలకు మంచినీళ్లిచ్చే ఇంజినీరుగా పనిచేశాను. రిటైరయ్యాక, 2017 ఫిబ్రవరిలో, మా ఆవిడా నేనూ లక్షద్వీప్ వెళ్లాం. కొచ్చి నుంచి చిన్న విమానంలో అగత్తి, అక్కడి నుంచి పడవలో బంగారం. దీవి పేరే అది. కొబ్బరాకులు కప్పిన పాకలో నాలుగు రాత్రులు ఉన్నాం. అక్కడ నేను చేసిన తప్పులే ఈ పాఠాలు.

1. నీటి లెక్క తెలిసినంత మాత్రాన నీటి విలువ తెలిసినట్టు కాదు.
పగడపు దీవిలో నదీ కాలువా ఉండవు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలిక కనుక అడుగునున్న ఉప్పునీటి మీద పొరలా తేలుతుంది. ఆ మట్టం జానెడు తగ్గితే కింది ఉప్పునీరు నలభై జానలు పైకి రావాలని చూస్తుంది. ఈ లెక్క నేను పదిమందికి చెప్పినవాణ్నే. మోటార్లు ఎక్కువై బావులు ఉప్పెక్కిన ఊళ్లు తిరిగినవాణ్నే. అయినా ఉక్కగా ఉందని మొదటిరోజే మూడుసార్లు స్నానం చేశాను. సాయంత్రం గది చూసుకునే కుర్రాడు తన బట్టలు జాడించిన నీళ్లను వృథా పోనివ్వకుండా కొబ్బరి మొదట్లో పోస్తూ కనిపించాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అనుంటే బాగుండేది.

2. కాలు మోపే ముందు అక్కడ ప్రాణం ఉందేమో చూడాలి.
గోదావరిలో ఈత నేర్చినవాణ్నన్న ధీమా నాది. కళ్లకు అద్దం, నోటికి గొట్టం తగిలించుకుని లగూన్ అనే లోతు తక్కువ సముద్రపు మడుగులో దిగాను. ఆయాసం వచ్చి, కింద గుండ్రటి బండ కనిపిస్తే దానిమీద నిలబడ్డాను. మడమ కింద జిగురుగా జారింది. గైడు ఈదుకుంటూ వచ్చి పక్కకి లాగాడు. అది పగడం. ఆ రకం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. లోపలిదంతా సున్నపు ఎముకే, ప్రాణమంతా పైనున్న పలచటి తోలులో ఉంటుంది. ఆ తోలు లేచిపోయిన చోట నా మడమ ముద్ర తెల్లగా కనిపించింది.

3. ఒడ్డున పడి ఉన్నదల్లా దిక్కులేని సొత్తు కాదు.
అప్పటిదాకా పగడమంటే నాకు ఉంగరంలో ఎర్రరాయే. ఇసుకలో తెల్లటి పగడపు కొమ్మ ముక్క దొరికితే పూజగదిలో పెడదామని పెట్టెలో దాచాను. మా ఆవిడ వద్దంది. “ఎండిన ముక్కకి ఎవరేమంటారు?” అన్నాను. అగత్తి విమానాశ్రయంలో బయటపడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే ఈ పగడాలూ ఉన్నాయట. ముక్క తీసుకుని, పెద్దవాణ్నని వదిలేశారు. జరిమానా కట్టినా అంత సిగ్గుపడేవాణ్ని కాదు. అలాంటి ముక్కలూ, చిలుకచేపలు పగడాన్ని కొరికి విసర్జించే ఇసుకా కలిసే ఆ దీవికి నేల. నేను దాచుకున్నది వాళ్ల నేలలో పిడికెడు.

4. తెచ్చుకున్నది తిరిగి మోసుకెళ్లడమూ అతిథి పనే.
చేగోడీలు, పొడులు, డజను నీళ్ల సీసాలు పట్టుకెళ్లాం. అక్కడ చెత్త పారబోసే చోటంటూ లేదు, పడవెక్కి పోవాల్సిందే. కుర్రాడు మా సీసాలు తొక్కి అణిచి గోనెసంచిలో వేస్తుంటే చూసి, మిగతావి మా పెట్టెలోనే సర్దుకున్నాం. ‘పర్యావరణ హితం’ అన్న బోర్డు హోటలు వాళ్ల కోసమే అనుకున్నాను. సగం మనకోసమే.

5. మనం వాయిదా వేసినా లోకం మనకోసం ఆగదు.
పిల్లల చదువులు, పెళ్లిళ్లు అంటూ ఆ ప్రయాణాన్ని ఇరవై ఏళ్లు వాయిదా వేశాను. ఈలోగా 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబడ్డాయి. వేడికి తమలో కాపురముండే నాచును అవి వెళ్లగొట్టేస్తాయి. దాంతో రంగూ పోతుంది, తిండీ పోతుంది. మేం వెళ్లేసరికి చాలామేర బూడిదరంగే. మా ఆవిడకీ మోకాళ్లు అరిగిపోయాయి. నీళ్లలో దిగలేక ఒడ్డున కూర్చుంది. నేను పైకి రాగానే “ఏముంది కింద?” అని ఆత్రంగా అడిగింది. చేపల రంగులన్నీ చెప్పాను. మడమ సంగతి చెప్పలేదు.

నేను రాసినవి ముందు చదివేది ఆవిడే. ఈ కాగితాలు ఇప్పుడు ఆవిడ చేతికిస్తున్నాను.