కుసియు బెజ్జమును

ఇంగ్లండు దేశమున, లండను నగరమునకు వాయవ్యముగా, చిల్టర్న్ కొండల నడుమ హై వికమ్ అను పట్టణము కలదు. 19వ శతాబ్దియందు ఈ పట్టణము కుర్చీల తయారీకి మిక్కిలి ప్రసిద్ధి వహించెను. 1877లో విక్టోరియా రాణి ప్రధానమంత్రియైన డిస్రేలీ ఇంటికి ఆ దారిని పోవుచుండగా, పట్టణవాసులు కుర్చీలను ఒకదానిపై నొకటి పేర్చి, వీథికి అడ్డముగా తోరణము నిలిపి ఆమెకు స్వాగత మొసగిరి.

అచట తయారైన విండ్సర్ కుర్చీలు వంటయిండ్లలోను, పూటకూళ్ల యిండ్లలోను భోజనపు బల్లల చుట్టును చేరినవి. ఈ కుర్చీకి మందమైన పలకయే ఆధారము. కాళ్లు క్రిందినుండియు, వీపుకమ్ములు పైనుండియు ఆ పలకలోనే దిగును. దిగెడు కొనను కుసి యనియు, దానిని ఇముడ్చుకొను రంధ్రమును బెజ్జ మనియు అందురు. మన వడ్రంగులు ద్వారబంధములు కూర్చునదియు ఈ పద్ధతిననే.

భుజించినవాడు సుఖముగా వెనుకకు వాలినపుడు బరువంతయు వెనుకకాళ్ల అతుకులపై పడును. అట్టి యొత్తిడికి మేకు క్రమముగా వదులగును. కావున వికమ్ పనివారు కొయ్య స్వభావము నెరిగి, ఏ భాగమునకు తగిన కొయ్యను ఆ భాగమునకు వాడిరి. ఎల్మ్ కొయ్య నార పెనవేసికొని యుండుటచే బెజ్జములు పెట్టినను సులభముగా చీలదు. అది పలక కయ్యెను. ఆవిరి పట్టించిన ఆష్ కొయ్య విరుగక వంగును. అది వీపున కయ్యెను. బీచ్ కొయ్య కాళ్ల కయ్యెను.

కాళ్లు చేయు పనివారిని బాడ్జర్లందురు. వారు బీచ్ అడవులలోనే పాకలు వేసికొని, దుంగలను నార వెంబడి చీల్చి, కాలితో త్రొక్కెడు తరిమెనపై పచ్చికొయ్యను గుండ్రముగా తీర్చెడివారు. పచ్చికొయ్య ఆరునపుడు పొడవున అంతగా తరుగదు, అడ్డముగా తరుగును. గుండ్రని కాలు కొంచెము కోలయగును. ఆరకమున్నే బిగించినచో కుసి సన్నగిలి బెజ్జములో కదలును. అందుచే కాళ్లను వారములకొలది గాలికి ఆరనిచ్చి, పిమ్మట కుర్చీలు కూర్చు పనివారికి పంపెడివారు.

దృఢమైన పనియందు కుసిని పలకకు ఆరపారుగా దించి, దాని కొనయందు చేసిన గాటులో పైనుండి గట్టి కొయ్యచీలను దిగగొట్టుదురు. కుసి విచ్చుకొని మరల జారదు. అయితే ఆ చీల పలక నారకు అడ్డముగా నుండవలెను. నార వెంబడి నిలిపినచో పలకయే పగులును. ఒక్క సుత్తిదెబ్బతో అందరి శ్రమయు వ్యర్థమగును.

20వ శతాబ్ది నడిమికి యంత్రముల పోటీచే బాడ్జర్ల వృత్తి దాదాపుగా అంతరించెను. వారు చేసిన కాళ్లు గల కుర్చీలు కొన్ని నేటికిని నిలిచియున్నవి. అడవిలోని పనివాడు తాను తీర్చిన కాలు ఎవరి యింటికి చేరునో యెరుగడు. దానిపై కూర్చుండువాడు పనివాని పేరెరుగడు. ఐనను ఒకడు కొయ్యను ఆరనిచ్చుటలో తొందరపడినచో, వేరొకని యింట కుర్చీ కదలును. చూచువారు లేని అడవిపాకలో ఓపికతో చేసిన పనియే ఆ అతుకును అంతకాలము నిలిపినది.