సర్కారు మాట ఇంటింటికీ చేరాలంటే: ఒక విద్యార్థిని ఇంటర్న్‌షిప్ నేర్పిన పాఠాలు

పోయిన ఎండాకాలం మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. జిల్లా కేంద్రంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, ప్రచారం, కార్యక్రమాలు చూసే విభాగంలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. "సార్, ఆడ మైకులు, కుర్చీలు, ఫ్లెక్సీలే ఉంటయట గదా. నేనేం నేర్చుకుంట?" అని అడిగింది. వాళ్ల నాన్నకూ అదే అనుమానం. చాలామంది తల్లిదండ్రులకు ఈ అనుమానం ఉంటుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ పని ఏమిటి?

ప్రతి జిల్లాలో సమాచార, పౌర సంబంధాల శాఖ కార్యాలయం ఉంటుంది. దాని అధికారిని డీపీఆర్ఓ అంటాం. పత్రికా ప్రకటనలు రాయడం, ఫొటోలు తీయించడం, విలేకరుల అక్రిడిటేషన్ కార్డుల పని చూడడం, పథకాల గురించి ఊళ్లలో కళాకారులతో ప్రచారం చేయించడం అక్కడి పనులు. జనవరి 26, జూన్ 2, ఆగస్టు 15 వేడుకలప్పుడు చేతి నిండా పని ఉంటుంది. మున్సిపాలిటీకి, వైద్యారోగ్య శాఖకు కూడా ప్రజలకు చెప్పవలసిన మాటలు రోజూ ఉంటాయి.

మన పక్కనే ఉన్న ఉదాహరణ చూడండి. 2018 మే 10న రైతుబంధు పథకం హుజూరాబాద్ మండలం శాలపల్లిలో మొదలైంది. ఎకరానికి 4,000 రూపాయల చెక్కులు ఇచ్చారు. 2021 ఆగస్టు 16న దళితబంధు సభ కూడా అక్కడే జరిగింది. సభ చూసినవాళ్లకు వేదిక గుర్తుంటుంది. కానీ ఏ ఊరి రైతు ఏ రోజు, ఎక్కడికి, ఏ కాగితాలు పట్టుకొని రావాలో ముందే తెలియకపోతే పథకం వేదిక మీదే ఆగిపోతుంది. విద్యార్థి చూడవలసిన పని అదీ.

మొదటి పాఠం: ముందు ఏది చెప్పాలి?

ఆమె రాసిన మొదటి ప్రకటన కంటి పరీక్షల శిబిరం గురించి. మొదటి పేరా నిండా అతిథుల పేర్లే. తేదీ, చోటు, తేవలసిన కాగితాలు చివరన పెట్టింది. అక్కడి సీనియర్ ఉద్యోగి చదివి, "కండ్లు కనవడని ముసలవ్వకు ముందుగాల ఏం తెలవాలె బిడ్డా?" అని అడిగాడట. ఆమె తిరగరాసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి, ఏం తేవాలి అనేవి పైకి వచ్చాయి. పేర్లు కిందికి పోయాయి. నేను ముప్పై ఏళ్లుగా వ్యాసరచన నేర్పుతున్నాను. ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

రెండో పాఠం: ఇంటి భాష

2017లో చట్ట సవరణతో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. అయినా ఆ శిబిరం కరపత్రం తెలుగులో మాత్రమే అచ్చయింది. మన గల్లీల నుంచి పెద్దవాళ్లు చాలా తక్కువమంది వెళ్లారు. ఈ అమ్మాయి తర్వాతి శిబిరానికి ఉర్దూలో కరపత్రం రాసి, ముందు తన దాదీకి చూపించింది. దాదీ నవ్వి, "చదువు వస్తే గదా బేటీ! చదివి వినిపించు" అంది. అప్పుడు అమ్మాయికి సంగతి అర్థమైంది. దాదీకి ఉర్దూ చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఆటో మైకులో తెలుగులోనూ ఉర్దూలోనూ చాటిద్దామని ఆఫీసులో అడిగింది. వాళ్లు ఒప్పుకున్నారు. ఈసారి దాదీ కూడా లైన్లో నిలబడింది.

ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మన పిల్లలకు మామూలు సంగతి. ఆ మూడూ ఒక అర్హత అని వాళ్లకు ఎవరూ చెప్పరు.

మూడో పాఠం: డబ్బు సంగతి

ఇంటర్న్‌షిప్ వేరు, అప్రెంటిస్‌షిప్ వేరు. అప్రెంటిస్‌షిప్‌కు 1961 నాటి చట్టం ఉంది. స్టయిపెండ్ ఇవ్వాలి. 2014 సవరణతో ఇంజినీరింగ్ కాని డిగ్రీలు చదివినవారికీ అందులో చోటు దొరికింది. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. చదువు మధ్యలో చేసే ఇంటర్న్‌షిప్‌కు చాలాచోట్ల పైసా రాదు. చేరే ముందే ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఏ పని నేర్పుతారో, చివర సర్టిఫికెట్ ఇస్తారో కూడా అడగాలి.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. అయినా ఈ అమ్మాయి రెండో వారంలోనే మానేస్తానంది. మధ్యాహ్నం తిండి, ఫోన్ రీచార్జి ఖర్చులు ఒకవైపు, పొద్దుగూకినాక ఇంటికి చేరడం గురించి నాన్న బెంగ ఇంకోవైపు. మగపిల్లలకైతే బస్సు చార్జీ కూడా ఉంటుంది. చివరకు మన పెద్దమనిషి ఒకరు రెండు నెలల ఖర్చు భరించారు. నేను వెళ్లి వాళ్ల నాన్నతో మాట్లాడాను. సాయంత్రం ఐదింటికే పంపించడానికి ఆఫీసు ఒప్పుకుంది.

దాతలకు ఒక మాట

చందా అనగానే ఫీజు, పుస్తకాలు గుర్తుకొస్తాయి. డిగ్రీకి, ఉద్యోగానికి నడుమ ఉండే ఈ రెండు నెలల ఖర్చు ఎవరికీ గుర్తుకు రాదు. అది చిన్న మొత్తమే, కానీ అక్కడే మన పిల్లలు ఆగిపోతున్నారు. డబ్బు ఇవ్వలేనివారు ఒక పూట తీరిక చేసుకొని ఆ తల్లిదండ్రులతో మాట్లాడినా చాలు.

ఆ అమ్మాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. తాను తెలుగు, ఉర్దూల్లో రాసిన ప్రకటనలను ఒక ఫైలులో దాచుకుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కంటే ముందు ఆ ఫైలే తీస్తానంటోంది.