దూడలకు దాణా: ఎప్పుడు, ఎంత, ఎట్లు?

నల్లమల కొండల అంచున ఉన్న రాచర్ల, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతములలో వాన నమ్మదగినది కాదు. కంది, సజ్జ, జొన్న చేతికి రాని యేడు కూడ ఇల్లు గడుపునది కొట్టములోని పాడిపశువే. ఈ సంగతి మీకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ పశువు రేపు కొట్టములో ఉండవలెనన్న నేటి దూడ బ్రతుకవలెను, పెరుగవలెను. ఈ దూడ విషయములోనే మనలో పలువురు వేయు లెక్క సరిగా లేదు.

“దూడ పాలియ్యదు, అరక లాగదు, దానికి దాణా ఎందుకు? ఎదిగిన తరువాత మేపుదము” అని అనుకొందుము. గేదెకు పోతుదూడ పుట్టినచో మరింత నిర్లక్ష్యము. చేపు కొరకు దానిని నాలుగు గుక్కలు కుడువనిచ్చి లాగి కట్టివేయుదురు. అది గడ్డి నమలలేదు, పాలు చాలవు. రెండు మూడు నెలలలో ఎముకల గూడై చచ్చును. దూడ చచ్చిన గేదె పాలు ఎగజేపును, కొన్ని గేదెలు ముందుగానే ఒట్టిపోవును. దూడ నోటి దగ్గర మిగిల్చిన పాలకంటె పోగొట్టుకొన్న పాలే ఎక్కువ.

మన రాష్ట్రములో ఆవును, ఆవుదూడను వధించుట 1977 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. కనుక కోడెదూడకు పట్టిన బరువు అరకకు బలమగును. పెయ్యకు, పడ్డకు పట్టిన బరువు త్వరగా చూలు కట్టుటకు పనికివచ్చును. గేదె పోతుదూడకు పట్టిన బరువు అది ఎదిగిన పిమ్మట సంతలో ధర పలుకును. ఏ విధముగా చూచినను దూడ బరువు రైతు సొమ్మే.

చిన్ననాటనే ఎందుకు పెట్టవలెను?

తిన్న ప్రతి కిలో మేతకు అధికముగా బరువు పెరుగు కాలము పశువు జీవితములో మొదటి కొద్ది నెలలే. అప్పుడు పెరుగునది ఎముక, కండ. వయసు ముదిరిన కొలది తిన్నదానిలో ఎక్కువ భాగము శరీరమును నిలుపుకొనుటకే ఖర్చగును; పెరిగిన దానిలోను కొవ్వు పాలు ఎక్కువ. కొవ్వు పట్టించుటకు కండ పట్టించుటకంటె చాల ఎక్కువ మేత కావలెను. కాబట్టి అదే కిలో దాణా రెండేండ్ల పోతుకు పెట్టినప్పటికంటె మూడు నెలల దూడకు పెట్టినపుడు ఎక్కువ ఫలము నిచ్చును.

రెండవ కారణము దూడ కడుపులోనే ఉన్నది. నెమరువేయు పశువుకు నాలుగు పొట్టలు. పుట్టిన దూడలో నాలుగవ పొట్టయే పెద్దది. కుడిచిన పాలు నేరుగా అందులోనికి పోవును. గడ్డిని అరిగించు మొదటి పొట్ట, అనగా నెమరు పొట్ట, అప్పటికి చిన్నదై పనిలేకుండ ఉండును. అది దానంతట అది ఎదుగదు. దూడ గింజల దాణా తిన్నపుడు నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పిండిని పులియబెట్టి కొన్ని ఆమ్లములను పుట్టించును. ఆ ఆమ్లముల వలననే పొట్ట లోపలి గోడపై సన్నని వేళ్లవంటి మొలకలు లేచును. మేతలోని సారమును పీల్చుకొనునవి ఆ మొలకలే. గడ్డి పొట్ట పరిమాణమును పెంచును. గింజ దాని పనితనమును పెంచును. అందుచేత ఉత్త వరిగడ్డిపై పెరిగిన దూడకు బాన కడుపు, సన్నని కాళ్లు, గరుకు వెండ్రుకలు మాత్రము మిగులును.

దాణాకు ముందు చేయవలసిన రెండు పనులు

మొదటిది ముర్రుపాలు. ఈనిన గంట రెండు గంటలలోగా దూడ ముర్రుపాలు కుడువవలెను. మొదటి దినములో దాని బరువులో పదవ వంతు, అనగా 30 కిలోల దూడకు మూడు లీటర్ల వరకు, రెండు మూడు దఫాలుగా అందవలెను. వ్యాధులను ఎదుర్కొను శక్తి ముర్రుపాల నుండి దూడ రక్తములోనికి చేరుట ఒక దినము గడచిన తరువాత ఆగిపోవును. మాయ పడు వరకు దూడను విడువరాదను వాడుకను మానవలెను.

రెండవది ఏలికపాములు. గేదెదూడలకు ఇవి తల్లిపాల ద్వారానే సంక్రమించును. కడుపులో పాములున్న దూడకు పెట్టిన దాణా పాములకే పోవును. పది దినముల వయసులో మొదటి మందు త్రాపి, పిమ్మట ఆరు నెలల వరకు పశువైద్యుడు చెప్పిన ప్రకారము నెలకొకసారి త్రాపవలెను.

తల్లిపాలు మొదటి నెలలో దూడ బరువులో పదవ వంతు, రెండవ నెలలో పదునైదవ వంతు, మూడవ నెలలో ఇరువదవ వంతు ఇచ్చిన చాలును. పాలు తగ్గిన చోట దాణా నిలువవలెను. పాలు తగ్గించి దాణా పెట్టకుండుట దూడను ఎండగట్టుటయే.

దాణాలో ఏమేమి కలుపవలెను?

మన ప్రాంతములో దొరకు సరుకుతోనే మంచి దాణా తయారగును. 100 కిలోల దాణాకు ఈ పాళ్లు అనుకూలము:

మొక్కజొన్న, జొన్న లేక సజ్జ నూక – 45 కిలోలు
వేరుశనగ చెక్క – 30 కిలోలు
తవుడు – 12 కిలోలు
కందిచున్ని – 10 కిలోలు
ఖనిజ లవణ మిశ్రమము – 2 కిలోలు
ఉప్పు – 1 కిలో

ఈ మిశ్రమములో మాంసకృత్తులు నూటికి సుమారు 20 పాళ్లుండును. గింజలను మెత్తని పిండిగా కాక నూకగా ఆడించవలెను. పిండి ముక్కులోనికి పోవును, మూతికి అంటుకొనును, దూడ ఇష్టపడదు. జొన్న గింజను పగులగొట్టక పెట్టిన చాల భాగము అట్లే పేడలో పడిపోవును.

వేరుశనగ చెక్క కొనునపుడు జాగ్రత్త అవసరము. బూజు పట్టినది, ముక్కవాసన వచ్చునది చవకగా వచ్చినను వద్దు. 1960లో ఇంగ్లండులో ఒక లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోయినవి. విచారింపగా వాటి మేతలో వాడిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజులోని విషమే కారణమని తేలినది. అదే అఫ్లాటాక్సిన్. అది కాలేయమును చెరచును. పెద్ద పశువుకంటె దూడకు దాని దెబ్బ ఎక్కువ. చెక్కను, దాణాను తడి తగులని చోట, నేలకు ఎత్తుగా బల్లపై నిలువచేయవలెను.

ఆరు నెలలు నిండని దూడకు యూరియా కలిసిన దాణా గాని, యూరియాతో మాగవేసిన గడ్డి గాని పెట్టరాదు. దానిని వినియోగించుకొను శక్తి ఆ లేత పొట్టకు ఉండదు.

ఎంత పెట్టవలెను?

రెండవ వారము చివర నుండి పాలు కుడిచిన వెంటనే చిటికెడు దాణా దూడ మూతికి రాసి, నాలుకపై ఉంచి అలవాటు చేయవలెను. తరువాత దినమునకు ఈ ప్రకారము పెంచవలెను:

మూడవ, నాలుగవ వారములు – 100 గ్రాములు
రెండవ నెల – 250 గ్రాములు
మూడవ నెల – 500 గ్రాములు
నాలుగవ నెల – 750 గ్రాములు
అయిదవ నెల – ఒక కిలో
ఆరవ నెల – ఒక కిలోపావు

ఈ మొత్తమును ఉదయము, సాయంత్రము రెండు పూటలుగా పెట్టవలెను. తొట్టిలో మిగిలిన పాత దాణా తీసివేసి కొత్తది పోయవలెను. దూడ ఎదుట ఎల్లప్పుడు మంచినీరు ఉండవలెను. నీరు చాలని దూడ దాణాను కూడ సరిగా తినదు. దాణాతోపాటు ఎండిన వేరుశనగ కట్టె, లేత పచ్చిగడ్డి, అవిశ లేక దశరథ గడ్డి కొద్దికొద్దిగా అందించవలెను. బెట్టకు వచ్చిన లేత జొన్నపైరు మాత్రము దూడకైనను పెద్ద పశువుకైనను వేయరాదు. అందులో ప్రాణము తీయు విషముండును.

ఒక దూడకు ఆరు నెలలలో పట్టు దాణా మొత్తము సుమారు 115 కిలోలు. మీ ఊరి ధరలతో ఖర్చు మీరే వేసికొనవచ్చును.

తొందర పనికిరాదు

దాణా మంచిదని ఒక్కసారిగా పెంచరాదు. అలవాటులేని దూడ కట్టు తెంపుకొని గంపెడు నూక తిన్నచో కడుపులో పులుపు హెచ్చి ప్రాణము మీదికి వచ్చును. మేత మానుట, నెమరు వేయకుండుట, ఎడమ డొక్క ఉబ్బుట, పుల్లని వాసనతో నీళ్ల పేడ వేయుట, తూలి పడుట దీని గుర్తులు. ఇట్టి సమయమున దాణా పూర్తిగా ఆపి వెంటనే పశువైద్యుని పిలువవలెను. నాటు మందులతో పూట గడపరాదు. దాణాను వారము పది దినముల వ్యవధిలో మెల్లగా పెంచుటయు, రోజూ కొంత ఎండుగడ్డి తినిపించుటయు, గింజల గోతాలను దూడకు అందకుండ ఉంచుటయు దీనికి విరుగుడు.

దూడకొక దడి

పెద్ద పశువులతో కలిపి పెట్టిన దాణా దూడ నోటికి అందదు. దీనికొక సులువైన ఉపాయమున్నది. కొట్టములో ఒక మూల వెదురు లేక సరుగుడు కర్రలతో దడి కట్టి, దూడ మాత్రమే దూరునట్లు సుమారు 16 అంగుళముల వెడల్పు గల సందు విడువవలెను. లోపల దాణా తొట్టి, నీళ్ల తొట్టి ఉంచవలెను. దూడ ఇష్టము వచ్చినపుడు లోపలికి పోయి తినును, తల్లి పోలేదు.

ఈ పద్ధతి బ్రెజిలు దేశములో కొన్ని పశుక్షేత్రములలో కూడ ఉన్నది. అక్కడ దానిని అవలంబించునది మన ఒంగోలు జాతి సంతతి మీదనే. పందొమ్మిదవ శతాబ్దము నుండి ఓడలలో ఆ దేశము చేరిన మన పశువులను వారు నెల్లూరు పేరుమీద ‘నెలోర్’ అని పిలుచుచున్నారు. 1960 దశకము తొలినాళ్లలో వెళ్లిన ఒక ఆంబోతు మన కరవది గ్రామము పేరుతోనే అక్కడ ప్రసిద్ధి చెందినది. నేడు ఆ దేశపు మాంసపు పశువులలో అధిక భాగము ఈ రక్తము కలవే. ఎండకు, కరవుకు తట్టుకొను గుణము ఆ జాతికి మన నేల ఇచ్చినది. ఆ జాతి దూడకు మన ఊరిలో దోసెడు దాణా దొరకకుండుట న్యాయము కాదు.

బరువు తెలిసికొనుట ఎట్లు?

కాటా లేకున్నను టేపు చాలును. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజము మొన నుండి తోక మొదటి ప్రక్కనున్న ఎముక వరకు పొడవును అంగుళములలో కొలువవలెను. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 660తో భాగించిన కిలోలలో ఉజ్జాయింపు బరువు వచ్చును. ఉదాహరణకు చుట్టుకొలత 40, పొడవు 36 అంగుళములైన బరువు సుమారు 87 కిలోలు. నెలకొకసారి ఒకే వేళ, ఉదయము మేతకు ముందు కొలిచి గోడ మీదనైనను వ్రాసి ఉంచవలెను.

దినమునకు 500 గ్రాముల చొప్పున పెరిగిన గేదెదూడ పుట్టినప్పటి 30 కిలోల నుండి ఆరు నెలలకు 120 కిలోలగును. సగమే, అనగా 250 గ్రాములే పెరిగినది 75 కిలోల వద్ద నిలుచును. నెల కొలతలో పెరుగుదల కనిపించనిచో దాణా చాలలేదనియో, పాములున్నవనియో గ్రహింపవలెను.

లాభము ఎక్కడ?

పడ్డ ఎదకు వచ్చుట వయసు కంటె బరువు మీద ఎక్కువగా ఆధారపడును. మేలుజాతి ముర్రా సంకర పడ్డను సుమారు 280 కిలోల బరువులో చూలు కట్టించవచ్చును. సగటున దినమునకు 400 గ్రాములు పెరిగిన పడ్డకు ఆ బరువు 625 దినములలో వచ్చును. 250 గ్రాములే పెరిగిన దానికి వేయి దినములు పట్టును. తేడా 375 దినములు, అనగా ఒక ఏడాదికి పైన. ఆ ఏడాది పాలు ఇయ్యక, కొట్టములో ఊరక తిన్న మేత ఖర్చు ముందు 115 కిలోల దాణా ఖర్చు ఎంతో ఆలోచించుడు.

ఆరు నెలలు దాటిన దూడకు కిలోన్నర మొదలు రెండు కిలోల దాణా, కడుపునిండ మేత చాలును. పోతులను అమ్మకమునకు పెంచువారు చివరి మూడు నెలలు దాణా మెల్లగా హెచ్చింపవచ్చును. పడ్డలకు మాత్రము కొవ్వు పట్టునంతగా పెట్టరాదు. పొదుగులో కొవ్వు చేరిన పాలు తగ్గును.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఊరిలో ఈనిన పశువుల జాబితాతోపాటు దూడల జాబితాను కూడ ఉంచుడు. ఏ దూడ ఏ నెలలో చనిపోయినదో వ్రాసిన యెడల ఊరికి ఎంత నష్టమో రైతుకు చూపవచ్చును. పశుసంవర్ధక సహాయకుని ద్వారా పాముల మందు, ఖనిజ లవణ మిశ్రమము ఊరిలోనే సకాలమున అందునట్లు చూడుడు.

రైతు సోదరులారా, ఈ కారు ఈనిన దూడతోనే మొదలుపెట్టుడు. పోతుదూడను, పడ్డదూడను ఒకే తీరుగా మేపి, నెలనెల కొలిచి చూడుడు. ఆరు నెలలు గడచిన పిమ్మట ఆ దూడను, పక్కింటి దూడను ఒకచోట నిలబెట్టి చూచిన, ఇందు వ్రాసినది నిజమో కాదో మీరే చెప్పగలరు.