గోడలో ద్వారము తెరచుట: గృహస్థుడు తెలిసికొనవలసిన విషయములు

కాలము గడచిన కొలది ఇంటి అవసరములు మారుచుండును. అన్నదమ్ములు వేరుపడినపుడు ఒక పెద్ద ఇంటికి రెండవ దర్వాజా కావలసివచ్చును. గాలి వెలుతురు లేని గదికి కిటికీ కావలెను. వంటయింటి పొగ పోవుటకు రోషన్‌దాను కావలెను. కూలి ఖర్చు భరింపలేక ఇట్టి పనిని స్వయముగా చేసికొనవలెనని తలంచు గృహస్థులు పలువురు కలరు. ఉత్సాహము మెచ్చదగినదే. అయితే గోడకు రంధ్రము చేయుటకు కావలసినవి సుత్తి, ఉలి మాత్రమే అనుకొనుట ప్రమాదకరము. పై బరువునకు మరియొక ఆధారము చూపిన పిదపనే క్రింది ఆధారమును తీయవలెను. ఈ వ్యాసమున ఆ ఒక్క సూత్రమును వివరింప యత్నించెదము.

గోడ బరువును ఎట్లు మోయును?

ఇటుకలను ఒకదాని అతుకుపై మరియొక ఇటుక వచ్చునట్లు పేర్చుదురు. దీని ప్రయోజనమును అగ్గిపెట్టెలతో మనమే పరీక్షించి చూడవచ్చును. పది వరుసల చిన్న గోడను అతుకు తప్పించి పేర్చి, రెండు అంచులను బరువైన పుస్తకములతో బిగింపుడు. క్రింది వరుసలో పక్కపక్కన ఉన్న మూడు పెట్టెలను మెల్లగా లాగివేసినచో, పై వరుసలో రెండు, దానిపై వరుసలో ఒకటి ఆధారము కోల్పోవును. మిగిలిన గోడ చాలవరకు నిలిచియే యుండును. పడిన భాగము మెట్లు మెట్లుగా నున్న ఒక త్రిభుజము. ఇప్పుడు అంచునగల పుస్తకమును తీసివేసినచో గోడ పక్కకు జారుటకు సిద్ధపడును.

నిజమైన గోడలోను జరుగునది ఇదియే. ఖాళీపైనున్న త్రిభుజాకారపు భాగము మాత్రము క్రిందికి వ్రాలును. ఆపైనున్న బరువు కనబడని కమాను వలె రెండు పక్కలకు ప్రవహించును. ఒక మీటరు వెడల్పు ఖాళీ, 9 అంగుళముల మందపు ఇటుక గోడ అనుకొందము. త్రిభుజము ఎత్తు సుమారు 87 సెంటీమీటర్లు, దాని బరువు సుమారు 190 కిలోలు. స్లాబు ఆ త్రిభుజములోపలనే గోడపై ఆనియున్నచో లెక్క మారిపోవును. మూడు మీటర్ల వెడల్పు గదిపై 10 సెంటీమీటర్ల మందపు స్లాబు, ప్రతి మీటరు గోడపై తన స్వంత బరువే 375 కిలోలు మోపును. రెండు వైపుల గదులున్నచో అది రెట్టింపగును. మిద్దెపై తిరుగు మనుష్యులు, నీటి తొట్టె దీనికి అదనము.

కమాను విద్య మనకు క్రొత్తది కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మింపజేసిన చార్మినార్‌కు ఉక్కు దూలము లేదు. నాలుగు దిక్కుల కమానులు సున్నపు మాలుతో కట్టబడి, బరువును పక్క స్తంభములకు అందించుచున్నవి. కమాను ఎల్లప్పుడు పక్కలకు నెట్టుచుండును. కావున పాత ఇండ్లలో కమాను కాలు ఆనిన చోట గోడను త్రవ్వరాదు. అగ్గిపెట్టెల పరీక్షలో పుస్తకమును తీసివేయుట వంటిదే అది.

ముందు చూడవలసినవి

మొదట ఆ గోడపై ఏమి ఆనియున్నదో కనుగొనవలెను. వాసములు, దూలములు ఏ దిక్కున నడచుచున్నవి? పై అంతస్తు గోడ దీనిపైననే లేచినదా? గోడను తట్టి శబ్దమును బట్టి నిర్ణయించుట నమ్మదగినది కాదు. నాలుగున్నర అంగుళముల గోడ సాధారణముగా అడ్డుగోడయే యైనను, కొన్ని ఇండ్లలో అదియు కప్పును మోయుచుండును.

రెండవది, చోటు. గది మూలకు అర మీటరుకన్న దగ్గరగా ద్వారము పెట్టరాదు. రెండు ద్వారముల నడుమ కూడ కనీసము అంత గోడ మిగులవలెను. ఒక అంతస్తు ఇంటిలో ఒక గోడయందలి ఖాళీల మొత్తము వెడల్పు, గోడ పొడవులో సగమునకు మించకుండుట క్షేమము.

మూడవది, గోడలోపలి విద్యుత్ తీగలు, నీటి గొట్టములు. మెయిను స్విచ్చి ఆపకుండ ఉలి పట్టరాదు.

పని చేయు క్రమము

మూడడుగుల వెడల్పు ద్వారమును ఉదాహరణగా తీసికొందము. లింటెల్ ఇరువైపుల 9 అంగుళముల చొప్పున గోడపై ఆనవలెను. కావున దాని పొడవు నాలుగున్నర అడుగులు. ఎట్టి పరిస్థితిలోను ఈ ఆనిక 6 అంగుళములకు తగ్గరాదు. గోడ మందము 9 అంగుళములైనచో, నాలుగున్నర అంగుళముల వెడల్పు, 6 అంగుళముల లోతు గల రెండు లింటెళ్ళను ముందుగా నేలమీదనే పోసికొనవలెను. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర సరిపోవును. అడుగున 10 మిల్లీమీటర్ల చువ్వలు రెండు, పైన 8 మిల్లీమీటర్లవి రెండు ఉంచి రింగులతో కట్టవలెను. లింటెల్ వంగునపుడు సాగునది అడుగు భాగము. కావున ముఖ్యమైన ఇనుము అడుగుననే యుండవలెను. తలక్రిందులు కాకుండ పై ముఖమున గుర్తు వ్రాయవలెను. కనీసము వారము రోజులు నీళ్ళు పట్టి, 28 దినములు ఆగుట ఉత్తమము. ఇది సామాన్య బరువునకు చెప్పిన కొలత. స్లాబుగాని దూలముగాని త్రిభుజములో ఆనినచో ఇంజనీరు లెక్కకట్టి చెప్పవలెను.

ద్వారపు హద్దులను తూకపు గుండుతో ఒకవైపు గీచి, నాలుగు మూలల సన్నని రంధ్రములు చేసినచో, రెండవవైపు గీత తప్పదు. తరువాత లింటెల్ వచ్చు చోటుకు ఒకటి రెండు వరుసల పైన, మూడడుగులకు మించని ఎడముతో, గోడకు ఆరపార రంధ్రములు చేసి, బలమైన అడ్డ దూలములను దూర్చవలెను. వాటి రెండు కొనలక్రింద ఊతలు నిలిపి, ఊతల క్రింద వెడల్పైన పలకలు వేసి, కర్ర చీలికలతో బిగింపవలెను. కప్పు ఆ గోడపై ఆనినచో కప్పునకును వేరుగా ఊతలు పెట్టవలెను. పై అంతస్తులో పని యైనచో, ఊతల బరువు క్రింది అంతస్తు మీదుగా నేలవరకు చేరు ఏర్పాటుండవలెను.

ఇప్పుడు గోడ మందములో సగము మాత్రమే ఒకవైపునుండి త్రవ్వి, మొదటి లింటెల్‌ను అమర్చి, పైన మిగిలిన సందును ఒకటికి మూడు పాళ్ళ గట్టి మాలుతో కూరవలెను. అది గట్టిపడువరకు రెండవవైపు తాకరాదు. పిదప రెండవ లింటెల్. రెండును స్థిరపడిన తరువాతనే క్రింది గోడను పైనుండి క్రిందికి, ఒక్కొక్క ఇటుకగా, అతుకుల వెంట విడదీయవలెను. సమ్మెటతో కొట్టినచో పని త్వరగా సాగినట్లు కనబడును. గోడ యంతయు అదరి, దూరపు అతుకులు కూడ వదలును. ఊతలను తీయునపుడు చీలికలను కొద్దికొద్దిగా వదలుచేయుచు, గిలాబుపై పగులు వచ్చుచున్నదేమో చూడవలెను. పగులు కనబడినచో దానిపై అడ్డముగా సన్నని గాజు తునకను మాలుతో అతికించి తేదీ వ్రాయుట పాత పద్ధతి. గాజు విరిగినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. వెంటనే ఊతలు తిరిగి బిగింపవలెను.

ఇటుక, రాతి ధూళి ఊపిరితిత్తులకు హానికరము. గోడను తడుపుచు పని చేయవలెను. రుమాలు చాలదు, తగిన ముసుగు, కండ్లద్దములు అవసరము.

స్వయముగా చేయరాని పనులు

మట్టితో పేర్చిన రాతి గోడలలో తరచుగా రెండు ముఖములు వేరువేరుగా లేచి, నడుమ చిన్న రాళ్ళు నింపబడియుండును. ఒక రాయి తీసినచో లోపలిది జారి, ముఖము ఉబ్బి పడవచ్చును. ఇట్టి గోడ అనుభవజ్ఞుడైన మేస్త్రీకి కూడ పరీక్షయే. కాంక్రీటు స్తంభములను, దూలములను ఎన్నడును కోయరాదు. పలు కుటుంబములు నివసించు భవనములో గోడ ఒక్కరిది కాదు. ఇంజనీరు సలహా, పురపాలక సంఘము అనుమతి, ఇరుగుపొరుగు సమ్మతి కావలెను. గొట్టము దూరుటకు ఒక ఇటుక వెడల్పు రంధ్రము, బరువు మోయని అడ్డుగోడలో చిన్న కిటికీ వంటివి ఓర్పుగల గృహస్థుడు చేసికొనదగిన పనులు.

దర్వాజా, కమాను, గిలాబు మొదలగు మాటలు ఉర్దూ మాటలాడు మేస్త్రీకిని, తెలుగు మాటలాడు మేస్త్రీకిని సమానమే. వారి అనుభవము తరతరములుగా నేర్పినది కూడ పై సూత్రమే. ఆ ఇంటి కప్పు క్రింద పసిపిల్లలు, వృద్ధులు నిద్రించుచుందురు. ఒక నెల ఆలస్యమైనను లింటెల్ గట్టిపడువరకు వేచియుండుట వారి ప్రాణములకు మనము చేయు కనీస కర్తవ్యము.