ఏ నాణెమును మైనింగు చేయవచ్చును?

కోవిల్పట్టి, విరుదునగరముల నల్లరేగడి రైతు నేలను, నీటిని విచారించి గాని విత్తనము చల్లడు. గ్రాఫిక్స్ కార్డులకై పిల్లలు సొమ్మడిగినపుడు తల్లిదండ్రులును అట్లే విచారింపవలెనని మా మనవి.

క్రిప్టో నాణెముల లావాదేవీలను యంత్రముతో సరిచూచి, ప్రతిఫలముగా క్రొత్త నాణెములను పొందుటయే మైనింగు. బిట్‌కాయిన్‌కు ప్రత్యేక యంత్రములు వచ్చినందున అందు ఈ కార్డులు నిలువజాలవు. ఈథీరియమ్ 2022 సెప్టెంబరు 15న మైనింగు పద్ధతినే విడిచినది. అంతట ఆ కార్డులలో అనేకములు ఈథీరియమ్ క్లాసిక్, రావెన్‌కాయిన్, ఎర్గో వంటి నాణెములకు మరలెను; పంచుకొనువారు పెరిగి ఒక్కొక్కరి వాటా తరిగెను.

కావున మూడు సంగతులు చూడవలయును. కార్డు మెమరీ ఆ నాణెమునకు చాలునా? నాణెమును అమ్ముకొనుటకు చోటున్నదా? కరెంటు ఖర్చు పోగా ఏమైన మిగులునా? 200 వాట్ల కార్డు రేయింబవళ్లు నడచిన రెండు నెలలకు 288 యూనిట్లగును. వాడుక హెచ్చినకొలది యూనిటు ధరయు హెచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి ఇట్టి ఆస్తుల లాభముపై 30 శాతము పన్ను కలదు. మైనింగు ఏర్పాట్ల ఖర్చు కొన్నవెలగా లెక్కకు రాదని ఆ యేటి మార్చిలోనే ప్రభుత్వము పార్లమెంటున తెలిపినది.

నాణెము పేరును గాక, ఇంటి కరెంటు బిల్లును ముందుంచుకొని పిల్లలచేతనే ఈ లెక్క వేయింపుడు. మిగులు కానరానిచో ఆ సొమ్మును వారి చదువునకు నిలుపుడు.