ఆగస్టు 15 – అంగన్‌వాడీకి మన ఇంటి కేకు

పఠనాంశాలు: లూకా 1:39-56, యోహాను 6:1-13, 1 కొరింతీ 11:17-34



ఆగస్టు 15 మనకు రెండు పండుగల దినం. మరియమాత ఆత్మశరీరాలతో మోక్షానికి కొనిపోబడిన మహోత్సవం ఒకటి, 1947లో మన దేశం స్వాతంత్ర్యం పొందిన దినం రెండవది. 12వ పయస్ పోపుగారు మోక్షారోపణను విశ్వాస సత్యంగా ప్రకటించినది 1950 నవంబరు 1న. అయితే అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుండే తిరుసభ ఈ పండుగను కొనియాడుతూ వచ్చింది.

ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా ఆనాటి ఉదయం మన ఇళ్ళల్లో హడావుడి మీకు తెలియనిది కాదు. ఇంటిల్లిపాదికీ పూజ, పెద్దబిడ్డకు బడిలో జెండా వందనం, చిన్నబిడ్డకు అంగన్‌వాడీలో జెండా పండుగ. "పిల్లలకు ఏదైనా తీపి చేసి తెండమ్మా" అని టీచరమ్మ అడుగుతుంది. క్రిస్మస్‌కు కేకు చేసే అలవాటున్న తల్లి "నేను కేకు చేసి తెస్తాను" అంటుంది. చాలా చిన్న మాటే. కానీ ఆ కేకు చుట్టూ మన విశ్వాసానికి సంబంధించిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఈ వారం వాటిని ధ్యానిద్దాం.

1. అక్షరాల కంటే ముందు నేర్చే పాఠం

మన దేశంలో అంగన్‌వాడీలను నడిపే శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న గాంధీ జయంతి నాడు మొదలైంది. మూడేళ్ళ నుండి ఆరేళ్ళ లోపు పిల్లలు అక్కడ ఒకే చాప మీద కూర్చుని, ఒకే గిన్నెలో వండింది తింటారు. మన పల్లెల్లో ఎందరో బిడ్డలు తమ వాడ దాటి వేరే వాడ బిడ్డ పక్కన కూర్చునేది అక్కడే మొదటిసారి. 'అ' అంటే అమ్మ అని నేర్వక ముందే, ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చో, ఎవరి చేతి తిండి ఎవరు తినవచ్చో పిల్లలు మన ముఖాలు చూసి నేర్చుకుంటారు. కాబట్టి ఆ రోజు మనం పంచేది కేకు ఒక్కటే కాదు, ఒక పాఠం కూడా.

2. పంక్తిలో అందరూ తినగలిగేది

కేకు చేసే ముందు టీచరమ్మను రెండు సంగతులు అడగండి. బయటి తిండి తేవచ్చునా? గుడ్డు తినని బిడ్డలు, ఏదైనా పడని బిడ్డలు ఉన్నారా? తన తిండి తోటివానికి ఆటంకం కాకూడదని పునీత పౌలు గారు కొరింతీయులకు నేర్పారు. గుడ్డు వేసిన కేకు పెట్టి ఒక బిడ్డను పక్కన కూర్చోబెడితే ఆ బిడ్డకు అది పండుగ కాదు. గుడ్డు లేకుండానే మంచి కేకు అవుతుంది.

గోధుమపిండి ఒకటిన్నర కప్పు, రాగిపిండి అరకప్పు, వంటసోడా అరచెంచా, బేకింగ్ పౌడరు ఒక చెంచా కలిపి జల్లించండి. బెల్లం పొడి ఒక కప్పు, పెరుగు ఒక కప్పు, నూనె అరకప్పు వేరే గిన్నెలో బాగా కలిపి అందులో పిండి వేయండి. గట్టిగా ఉంటే కాసిని పాలు పోయండి. కలపడానికి మన ఉదయగిరి కొయ్య గరిటె ఉండనే ఉంది. ఓవెన్ లేదని దిగులు వద్దు. కుక్కరు అడుగున ఉప్పు గానీ ఇసుక గానీ పరచి, లోపల స్టాండు పెట్టి, గ్యాస్కెట్టూ వెయిటూ తీసివేసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేయండి. తర్వాత నూనె రాసిన గిన్నెలో పిండి పోసి, అందులో దింపి, సన్నని మంట మీద ముప్పావుగంట ఉంచండి. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

జాగ్రత్తలు మరువకండి. చిన్నపిల్లలకు పల్లీలు, జీడిపప్పు గింజలుగా వేయవద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆగస్టు ఉక్కకు క్రీము పాడవుతుంది, కనుక పైన ఏమీ పూయవద్దు. ముందురోజు సాయంత్రం చేసి, పూర్తిగా చల్లారాక కోయండి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి. మన బిడ్డకు పెద్ద ముక్క అట్టిపెట్టకండి. మీ బిడ్డనే అందరికీ పంచమని చెప్పండి, తన ముక్క చివర తీసుకోమనండి.

3. మూడు రంగుల కేకు చేయవచ్చా?

కొందరు తల్లులకు ఈ సందేహం ఉంటుంది. 2013 క్రిస్మస్ నాడు కోయంబత్తూరులో త్రివర్ణాలతో భారతదేశ పటం వేసిన పెద్ద కేకును కోసి పంచారు. జాతీయ గౌరవ చిహ్నాలను అవమానించడాన్ని నిషేధించే 1971 చట్టం కింద ఫిర్యాదు వచ్చింది. చివరకు 2021 మార్చిలో మద్రాసు హైకోర్టు అది అవమానం కాదని తీర్పు చెప్పింది. చేసినవారి ఉద్దేశం ఏమిటో చూడాలన్నది ఆ తీర్పు సారాంశం. కాబట్టి భయపడవలసింది లేదు. అయినా పసిపిల్లల తిండిలో రంగులు ఎందుకు? జెండాను కర్ర మీద ఎగరనిద్దాం, కేకును బెల్లం రంగులోనే ఉండనిద్దాం. దేశభక్తి కేకు రంగులో కంటే అది పంచే తీరులో బాగా కనిపిస్తుంది. పౌరులు స్వదేశాన్ని ఉదారంగా ప్రేమించాలనీ, ఆ ప్రేమ సంకుచితం కారాదనీ రెండవ వాటికన్ మహాసభ 1965లో మనకు నేర్పింది.

4. మన కేకు ఎవరైనా ముట్టకపోతే?

ఈ ప్రశ్న అడగడానికే మన తల్లులు కొందరు వెనుకాడతారు. "మన ఇంటి వంట వాళ్ళు తింటారా? వాళ్ళ అవ్వ ఏమంటుందో! బజారులో చాక్లెట్లు కొని ఇస్తే గొడవ ఉండదు" అని సరిపెట్టుకుంటారు. ఆ మాట వెనుక ఎన్ని తరాల బాధ ఉందో చెప్పనక్కర లేదు. అయితే 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ రాజ్యాంగాన్ని వ్రాసిన సభలో మద్రాసు రాష్ట్రం నుండి యేసు సభ గురువులు ఫాదర్ జెరోమ్ డిసౌజా గారు సభ్యులు. మన నెల్లూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. బడి మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకే పంక్తిలో కూర్చుని, ఎవరు వండినా తినడం పిల్లలు నేర్వాలన్నదే అందులోని ఆశయం.

కాబట్టి కేకు చేయండి. ఏ బిడ్డనైనా పెద్దలు వద్దని వెనక్కు లాగితే పిల్లల ముందు వాదులాడవద్దు. అలాగని తల వంచుకుని వెనుదిరగనూ వద్దు. మిగిలిన వారికి సంతోషంగా పంచి, తర్వాత టీచరమ్మతో నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడండి. అవసరమైతే విచారణ గురువులకు చెప్పండి. మీ బిడ్డ "ఎందుకు తినలేదు మా?" అని అడిగితే, "తప్పు మనది కాదు నాయనా, ఆ బిడ్డదీ కాదు" అని చెప్పండి. ఆ జవాబు బిడ్డ జీవితమంతా గుర్తుంచుకుంటాడు.

ఇక మనల్ని మనం ప్రశ్నించుకుందాం. మన దేవాలయాల్లో, మన పెళ్ళి పంక్తుల్లో ఈ భేదం లేదా? కొరింతులో ఉన్నవారు ముందుగా తినేసి లేనివారిని సిగ్గుపరచినందుకు పునీత పౌలు గారు గట్టిగా మందలించారు. అలాంటి కూడిక ప్రభువు విందు కాదన్నారు. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల అభ్యున్నతికి ప్రత్యేక విధానాన్ని ప్రకటించిందంటే, ఈ పాపం మన ఇంట్లోనూ ఉన్నదని ఒప్పుకున్నట్లే. అలాగే పొరుగింటివారు జెండా పండుగకు తెచ్చిన పొంగలిని, లడ్డును మన బిడ్డ సంతోషంగా తినాలి. పుచ్చుకోవడం తెలియనివాడికి ఇవ్వడం పూర్తిగా రాదు.

5. కొండసీమకు వెళ్ళిన తల్లి

మోక్షారోపణ పండుగ నాటి సువిశేషంలో మరియమ్మ త్వరత్వరగా కొండసీమకు వెళ్ళి, ఎలిజబెతమ్మ ఇంట మూడు నెలలు ఉంటుంది. అక్కడ పాడిన స్తుతిగీతంలో, దేవుడు దీనులను పైకి లేపుతాడనీ ఆకలిగొన్నవారిని తృప్తిపరుస్తాడనీ ఆనందిస్తుంది. ఆ తల్లినే దేవుడు తన మహిమలోకి ఎత్తుకున్నాడు. ఐదు యవల రొట్టెలు ఇచ్చిన పిల్లవాని పేరు సువార్తలో లేదు. వాని తల్లి పేరూ లేదు. కానీ ఆ రొట్టెలు ఎవరో ఒకరు కాల్చినవే గదా! ప్రభువు చేతికి అందాక అవి వేలమందికి సరిపోయాయి. ఆ ఉదయం పూజలో అదే ప్రభువును స్వీకరించి అంగన్‌వాడీకి నడిచే తల్లి చేతిలోని కేకు కూడా అలాంటిదే.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి:
1. మన బిడ్డ పక్కన అంగన్‌వాడీలో ఎవరు కూర్చుంటారు? ఆ ఇంటివారితో మనకు రాకపోకలు ఉన్నాయా?
2. ఎవరి ఇంటి తిండినైనా మనం ఏదో సాకు చెప్పి తప్పించుకున్నామా?

ఈ వారం చేయవలసింది: ఆగస్టు 15న పూజ వేళ, జెండా పండుగ వేళ ముందే తెలుసుకుని రెండింటికీ వెళ్ళే ఏర్పాటు చేసుకోండి. ఏమీ తేలేని తల్లి ఎవరైనా ఉంటే ఆమెను పిలిచి, ఇద్దరూ కలిసి కేకు చేసి, ఇద్దరి పేరున ఇవ్వండి.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టు. మా చేతి వంటను దీవించు. మరియమ్మవలె తొందరగా పొరుగింటికి నడిచే కాళ్ళను మాకు దయచేయి. ఆమెన్.