డిలీట్ కొట్టినా పోని మెసేజ్

తెలుగులో టెక్నికల్ ఆర్టికల్ రాయడం నాకు ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

మొన్న సెలవులకి జహీరాబాద్ వెళ్తే పెద్దనాన్న నన్ను పక్కకి పిలిచారు. పోలీస్ డ్రెస్‌లో ఎవడో వాట్సాప్ వీడియో కాల్ చేసి, అరెస్ట్ చేస్తామని బెదిరించాడట. భయంతో చెరకు అమ్మిన పైసలు పంపేశారు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని చాట్ మొత్తం డిలీట్ చేశారు. "కంప్యూటర్ చదువుతున్నవ్ కదరా, అది మళ్ల తీయొస్తదా?" అని అడిగారు. నాకు జవాబు తెలీదు. ఆ రాత్రి కూర్చుని చదివిందే ఈ పాఠం.

మెసేజ్ ఎక్కడుంటుంది?

వాట్సాప్‌లో 2016 నుంచి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. దారి మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ రెండు చివర్లా ఉన్న ఫోన్లలో మనం చదవగలగాలి కదా! ఆండ్రాయిడ్‌లో మెసేజ్‌లన్నీ ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఉంటాయి. 2025 మేలో మూతపడిన స్కైప్ పాత వెర్షన్లూ ఇదే పద్ధతి వాడేవి. కాల్‌లో మాట్లాడిన మాటలు మాత్రం యాప్ దాచదు. ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నదే మిగులుతుంది.

డిలీట్ అంటే?

నేను ల్యాప్‌టాప్‌లో చిన్న డేటాబేస్ చేసి, సెక్యూర్ డిలీట్ సెట్టింగ్ ఆఫ్ చేసి, ఒక మెసేజ్ తీసేశాను. ఫైల్‌ని హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే అక్షరాలు అక్కడే ఉన్నాయి! ఆ చోటు ఖాళీ అని మాత్రమే ఎస్‌క్యూలైట్ రాసుకుంది. కొత్త మెసేజ్ వచ్చి అక్కడ కూర్చుంటే పాతది పోతుంది. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే వెంటనే చెరిగిపోతుంది. అందుకే ఫోన్‌లో గ్యారంటీ లేదు.

ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ వాట్సాప్ రోజూ రాత్రి ఫోన్‌లోనే బ్యాకప్ తీస్తుంది, దాదాపు వారం రోజులవి ఉంచుతుంది.

కోర్టు నమ్మాలంటే?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైల్ హాష్ విలువ రాయాలి. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హాష్ మారిపోతుంది. కాబట్టి రికవరీ యాప్‌లు వేసి మనమే కెలికితే సాక్ష్యం పాడవుతుంది.

పొద్దున్నే అడిగాను, "డిలీట్ చేసి ఎన్ని రోజులైంది పెద్దనాన్నా?"

"ఐదు."

"ఫోన్ రీసెట్ చేయొద్దు, వాట్సాప్ తీసేయొద్దు. ముందు 1930కి కాల్ చేద్దాం."

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే కలుపు" అన్నారు.

మీ ఇంట్లోనూ చెప్పండి: మోసపోవడం తప్పు కాదు. సిగ్గుపడి చాట్ చెరిపేస్తే మాత్రం లాభం మోసగాడికే.